కొడుకు ఐపీ, తల్లి సాక్ష్యం

పలాసలో జీడిపప్పు బట్టీ నడిపే మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఐపీ పెట్టారని తెలిసిన రోజు నాకు ఒళ్లు మండింది. అప్పులు తీర్చడానికి చిల్లిగవ్వ లేదని కోర్టుకు చెప్పుకున్నారట. మా ఆయనేమో అన్నగారి ముందు నోరెత్తరు.

బావగారు బాకీపడ్డవాళ్లలో ఉద్దానం నుంచి మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ కూడా ఉంది. తుఫానులో వాళ్ల తెప్ప పోయింది. కొత్త తెప్పకని కూడబెట్టిన సొమ్మును మా అత్తగారి మాట మీదే ఆయన దగ్గర దాచుకుంది. ఐపీ నెగ్గితే ఆ సొమ్ముకు నీళ్లు వదులుకోవలసిందే.

కోర్టు తరఫున రిసీవరుగారు మా ఇంటికి వచ్చారు. నిజంగానే చేతులెత్తేశారా, ఆస్తి ఏమైనా దాచారా అని తేల్చవలసింది ఆయనే. బావగారు మాసిన చొక్కా తొడుక్కుని ఎదురెళ్లారు. ఆ వేషం చూస్తే నాటకాలవాళ్లు కూడా సిగ్గుపడాలి.

"రెండేళ్లుగా బట్టీ మూతేనండి. ఇంట్లో గింజ లేదు" అన్నారు.

గడప తొక్కినవాళ్లకు, వాళ్లు పగవాళ్లైనా సరే, జీడిపప్పు పెట్టకుండా పంపడం మా ఊళ్లో లేదు. ఆ పూట మాత్రం పెట్టొద్దని బావగారు ముందే హెచ్చరించారు. అయినా అత్తగారు పళ్లెం నిండా కొత్త పప్పు తెచ్చి రిసీవరుగారి ముందుంచారు.

"బజార్లో కొన్నామండి" అన్నారు బావగారు గబుక్కున.

"మనం కొనడమేటిరా? సోంపేట కాడ మన కొబ్బరితోటలో, పీచు కొట్టంలో బస్తాలున్నాయి కదా. ఎల్లి సూడండి బాబూ" అన్నారు అత్తగారు.

రిసీవరుగారు తీసుకున్న పప్పు ఆయన చేతిలోనే ఉండిపోయింది.

"అమ్మా, ఈ మాట రాసిస్తే మీ అబ్బాయికి జైలు కూడా పడొచ్చు" అన్నారు నెమ్మదిగా.

"నా మాట నమ్మి డబ్బిచ్చినోల్లున్నారు బాబూ. రాసుకోండి, ఏలిముద్ర ఏత్తాను."

మావగారి ఎదుట ఏనాడూ గొంతు పెంచని మనిషి! అమ్మవారి ముందు నిలబడ్డట్టే చేతులు కట్టుకుని నిలబడిపోయాను.

బస్తాలు దొరికాయి. కోర్టు వాటిని వేలం వేయించి అప్పులవాళ్లకు పంచింది. బావగారికి శిక్ష పడింది. ఇంట్లో మగవాళ్లంతా, మా ఆయనతో సహా, అత్తగారితో మాట మానేశారు.

తెప్పకు బయానా ఇచ్చామని చెప్పడానికి చేపలావిడ వచ్చింది. వస్తూనే అత్తగారి కాళ్ల మీద పడబోయింది. అత్తగారు చటుక్కున వెనక్కి జరిగారు.

"నాకు దండాలెట్టకే తల్లీ. నీ మొగుడు ఏటకెల్లొచ్చి నువ్వొండింది తింతాడు. నా కొడుకు జైలు నుంచొచ్చినా, ఇంక నా సేతి ముద్ద ముట్టడు."