శుక్రవారం వేసిన సున్నం

మొన్నటి వానకు తన గదిలోకి నీళ్లొచ్చాయని, మా అపార్ట్‌మెంటులో పనిచేసే ఆవిడ గోడ మీది బురద చారను ఫోనులో ఫోటో తీసి, మా లిఫ్టు దగ్గర నిలబడి ఉండగానే ప్రభుత్వ సాయానికి దరఖాస్తు పంపేసింది. అంతేనా, అయిపోయిందా అని రెండుసార్లు అడిగాను. మా రోజుల్లో మనిషి ఇంటికొచ్చి చూసి రాసుకుంటే తప్ప అయ్యేది కాదు.

అప్పట్లో మేము లింగంపల్లి స్టేషను వెనక, రోడ్డుకంటే పల్లంలో ఉన్న రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్లం. మావారు హైటెక్ సిటీలో ఒక ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ పని చేసేవారు. ఆ జీతం కిరాయికీ పిల్లల ఫీజులకూ సరి. పొయ్యి వెలిగేది మాత్రం నేను గ్రైండరులో రుబ్బి హాస్టళ్లకు ఇచ్చే దోసెల పిండి మీదే. ఆ ఏడు వానలకు మోకాలి దాకా వచ్చిన నీళ్లు రెండు రోజులు ఇంట్లోనే నిలిచి, గ్రైండరు మోటారు పనికిరాకుండా పోయింది. మునిగిన ఇళ్లకు సర్కారు తక్షణ సాయం ఇస్తుందంటే, బడి మొహం చూడకపోయినా నాన్న ఇంట్లోనే చదువు చెప్పిన పుణ్యాన దరఖాస్తు నేనే నింపాను. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో రాయమన్న గడి చూసి, కాగితానికి ఇంత వివరం ఎందుకా అని ఆశ్చర్యపోయాను కూడా.

ఎందుకో తర్వాత తెలిసింది. మర్నాడు శుక్రవారం. బురద ఇంట్లో దీపం పెట్టడానికి మనసొప్పక, తెల్లవారకముందే గదులు కడిగి, గోడలకు సున్నం కొట్టి, గడపకు పసుపు రాశాను. సరిగ్గా ఆ మధ్యాహ్నమే పరిశీలనకు ఒక అమ్మాయి రిజిస్టరు పట్టుకుని వచ్చింది. పక్కింటి వదిన గుమ్మంలోంచే అందుకుంది, "ఏంది వదినె, వాన ముంచింది సాలదని నువ్వు సున్నంతోని ముంచుకున్నవా? మేమంత బురద గట్లనే ఉంచినం. సున్నమేసే ముందు జర మమ్ముల అడగరాదు?"

ఆ అమ్మాయి చుట్టూ చూసి, "నీళ్లొచ్చిన గుర్తే లేదు కదమ్మా, ఏమని రాయాలె?" అంది. మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపించాను. అలా ఎవరైనా చూపించగలరని నాకే తెలుస్తోంది. రిజిస్టరు మూసి గుమ్మం దాకా వెళ్లిన మనిషి, ఏం తోచిందో, వెనక్కొచ్చి గోడకు అరచెయ్యి ఆనించి మెల్లగా కిందికి జరుపుకుంటూ వచ్చింది. మోకాలి ఎత్తున ఆ చెయ్యి ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకుని అక్కడే పెట్టింది. పైన పొడిగా ఉన్న గోడ, అక్కడి నుంచి కిందికి చల్లగా, ముద్దగా ఉంది.

"సున్నం పైపైనేనమ్మా, గోడ ఇంక ఆరలే," అని అక్కడే నిలబడి రాసుకుంది.

వారం తిరిగేసరికి సాయం అందింది, కొత్త మోటారు వచ్చింది, మళ్లీ హాస్టళ్లకు పిండి వెళ్లింది. ఆ అమ్మాయి పేరు అడగాలని కూడా తోచలేదు. ఇన్నేళ్లుగా దీపం పెట్టేటప్పుడు "ఆ అమ్మాయి చల్లగా ఉండాలి" అని మాత్రం అనుకుంటాను. ఇప్పటి పద్ధతి మంచిదే, వరసలో నిలబడే పని లేదు, ఒక పూట కూలీ పోదు. కాకపోతే పని అయ్యాక ఎవరిని తలుచుకుని దండం పెట్టుకోవాలో, అది మాత్రం ఫోనులో కనబడదు.