కార్నర్‌లో ఖాళీ

ఎవరూ పిలవని ఆటగాడిగా నాకు చాలా అనుభవం ఉంది. కాలేజీలో కబడ్డీ ఆడేవాణ్ణి. రైట్ కార్నర్. కూతకొచ్చినవాడి చీలమండ నా చేతికి చిక్కితే వాడిక గీత దాటడం కల్ల. అయినా జిల్లా జట్టు సెలక్షన్లకు మూడేళ్ళు వెళ్తే మూడేళ్ళూ లిస్టులో నా పేరు లేదు. మూడోసారైతే కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాను. అంత సిగ్గుమాలినవాణ్ణి.

తర్వాత వైటూకే అని కంప్యూటర్ ఉద్యోగాలు తెగ దొరికిన రోజుల్లో అందరితోపాటే నేనూ సింగపూర్ వచ్చిపడ్డాను. ఆఫీసు సైన్స్ పార్క్‌లో, కాపురం బూన్ లే అనే పేటలో. మా టీమ్ లీడ్ అమెరికా మనిషి. ఆదివారాలు అతనూ, ఇక్కడున్న అమెరికావాళ్ళూ ఒక స్కూలు గ్రౌండులో తమ దేశపు ఫుట్‌బాల్, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తేది, ఆడేవారు, జట్టుకు ఏడుగురు. మనిషి మీద పడకూడదు. బంతి పట్టుకున్నవాడి నడుముకు వేలాడే పేలిక లాగేస్తే చాలు, ఆట ఆగిపోతుంది. ఒకరోజు లీడ్ నా కబడ్డీ గొప్పలు విని, "మా ఆటలోనూ కార్నర్ ఉంటాడు, వచ్చి చూడు" అన్నాడు. ఆ ఒక్క మాటకే పడిపోయాను.

తీరా చూస్తే వాళ్ళ కార్నర్ వేరు. కబడ్డీలో కార్నర్ కాచుకుని ఉంటాడు, కూతకొచ్చేవాడే దగ్గరికి వస్తాడు. ఇక్కడ బంతి అందుకోబోయేవాడి పక్కనే పరిగెత్తి, అది వాడికి అందకుండా చూడాలి. నేర్చుకోవడానికి ఆర్నెల్లు పట్టింది. కానీ వచ్చింది, అబద్ధమెందుకు?

సీజన్ మొదట్లో కెప్టెన్లు, వాళ్ళలో మా లీడ్ ఒకడు, నిలబడి ఒక్కొక్కరినే పేరుపెట్టి పిలుచుకుంటారు. మొదటి సీజన్‌లో నన్నెవరూ పిలవలేదు. రెండో సీజన్‌లోనూ అంతే. ఎవరైనా రాకపోతే ఆ పూటకి వాళ్ళ బదులు ఆడొచ్చు, అదీ నా హోదా. ప్రతి ఆదివారం షూ లేసులు బిగించుకుని గీత బయట నిలబడేవాణ్ణి. చెప్పడానికి నోరు రావడం లేదు గానీ, ఎవడికో ఒకడికి జ్వరం రావాలని మొక్కుకునేవాణ్ణి. వాళ్ళకి జ్వరాలు కూడా రావు, ఏం తింటారో ఏమో!

"ఇవాళైనా ఆడనిచ్చారా అండీ?" అనేది మా ఆవిడ.

"కాసేపు."

"ఆ కాసేపటికి పొద్దుట్నించీ ఎండలో నిలబడాలా? మీకేం ఖర్మండీ! ఇంట్లో ఉంటే కిటికీ బయట ఆ వెదురుకర్రల మీద బట్టలన్నా ఆరేద్దురు."

"నీకర్థం కాదులే" అనేవాణ్ణి, అక్కడికి నాకేదో అర్థమైనట్టు.

రెండో సీజన్ ఫైనల్‌కి ముందు వారం, మా లీడ్ జట్టు మీద ఆడే జట్టులో ఒకడు ఊళ్ళో లేడు. అతని బదులు నేను దిగాను. దిగేముందు మా లీడ్ నా వీపు తట్టి, "ఇవాళ బాగా ఆడు. వచ్చే సీజన్ నిన్ను నేనే పిలుస్తా" అన్నాడు. నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు.

వానకి గడ్డి తడిసి ఉంది. నేను కాయాల్సినవాడు మా లీడ్ జట్టులో అందరికన్నా చురుకైనవాడు. బంతి అందుకుని నా పక్కనుంచి జారిపోతున్నాడు. పేలిక కోసం చెయ్యి చాచాను, అందలేదు. ఆ తర్వాత నా చేతులు ఏం చేశాయో నాకు తెలియదు. నేలమీదికి దూకి అతని చీలమండ పట్టేశాను. పట్టంటే అదీ పట్టు! కాలేజీలో కూడా అంత బాగా ఎప్పుడూ పట్టలేదు. విజిల్ వేసినా వదల్లేదు. ఇద్దరొచ్చి నా వేళ్ళు విడదీశాకగానీ అతను మోకాలు పట్టుకుని ఏడుస్తున్నాడని చూడలేదు.

అతన్ని టాక్సీ ఎక్కించారు. మిగతావాళ్ళు నావైపు చూడకుండా సంచులు సర్దుకున్నారు. తిట్టినా బాగుండేది. రైలెక్కి కూర్చున్నాక నాకు తట్టిన మొదటి సంగతేమిటో తెలుసా? మా లీడ్ జట్టులో ఒక ఖాళీ వచ్చింది. ఛీ, ఏం మనిషివిరా నువ్వు, అని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే, ఫైనల్‌కి ఏడుగురు కావాలి, వాళ్ళు ఆరుగురే, బయట ఉన్నది నేనొక్కణ్ణే అనుకుంటూ బూన్ లే దాకా వెళ్ళాను.

మర్నాడు ఫోన్ చేసి అతనికి క్షమాపణ చెప్పాను. "ఆటల్లో మామూలే" అన్నాడు. అతను అంత మంచిగా మాట్లాడేసరికి నాకు ఏడుపొచ్చింది.

ఆదివారం అందరికన్నా ముందే వెళ్ళాను. మా లీడ్ వచ్చి తనవాళ్ళని లెక్కపెట్టాడు. ఆరుగురు. నేను గీత పక్కనే, ఇంచుమించు గీత మీదే నిలబడ్డాను. రిఫరీ వచ్చి, "ఒకరు తక్కువయ్యారే, వేరే ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

మా లీడ్ నావైపు చూశాడు. కోపంగా కాదు, షూల దాకా నిదానంగా చూశాడు. తర్వాత రిఫరీ వైపు తిరిగి, నాకు వినపడకూడదన్నట్టు మెల్లగా, "ఎవరూ లేరు. ఆరుగురమే ఆడతాం" అన్నాడు.

ఆరుగురే ఆడారు. గెలిచారు కూడా.