వెండి కెమెరాకు నల్ల పాలిష్

ఫోటో తీయడమంటే ఇంట్లో అందరూ తల దువ్వుకుని కూర్చోవలసినంత పెద్ద పని అయిన కాలం గురించి చెబుతున్నాను. మరీ పాత కాలమేమీ కాదు. మా శంషాబాదు పక్క పొలాల్లో విమానాలు దిగడం మొదలయ్యాక వచ్చిన రెండో వేసవి. కొత్వాల్‌గూడలో మా ఇంటి మీదుగా విమానం పోతుంటే మాట ఆపి, అది దాటిపోయాక ఆపిన చోటి నుంచే మళ్లీ అందుకోవడం అప్పటికే మా ఇంటిల్లిపాదికీ అలవాటైపోయింది (కొత్తగా వచ్చిన చుట్టాలు మాకేదో జబ్బు చేసిందనుకునేవారు). నాకు ఇరవై ఒకటో ఏడు నడుస్తోంది. ఎయిర్‌పోర్టులో సరుకులు దించే చోట, పెట్టెలకు చీటీలు అంటించే కొలువు దొరికింది. నీలం చొక్కా, మెడలో కార్డు, కాళ్లకు నల్ల బూట్లు. ఆ బూట్లకు రోజూ పాలిష్ పట్టి, అద్దంలో ముఖం చూసుకునే బదులు వాటిలోనే చూసుకుని బయలుదేరేవాణ్ణి. విమానాలు నావల్లే ఎగురుతున్నాయని ఊళ్లో ఎవరైనా అనుకుంటే కాదని చెప్పేవాణ్ణి కాదు.

మా ఆఫీసులో కోనసీమ నుంచి వచ్చిన సీనియరు ఒకాయన ఉండేవాడు. అందరం ఆయన్ని గురువుగారు అనేవాళ్లం. ప్రపంచంలో ఆయనకు తెలియని విషయం లేదు, తెలియదని ఒప్పుకున్న విషయమూ లేదు. దుబాయిలో పనిచేసే మా చిన్నమామ సెలవు మీద వస్తూ నాకు డిజిటల్ కెమెరా తెస్తున్నాడని చెప్పగానే ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "ఏ రంగు?" అన్నాడు. రంగులుంటాయని కూడా నాకు తెలియదు. "చూడవోయ్," అన్నాడాయన గొంతు తగ్గించి, "వెండి రంగు కెమెరా పట్టుకున్నావనుకో, పిక్నిక్‌కి వచ్చావనుకుంటారు. అదే నల్లది పట్టుకుంటే పని మీద వచ్చావనుకుని పక్కకి తప్పుకుంటారు. ఆ తేడా నువ్వు గ్రహించాలి." నేను గ్రహించాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి నా మనసులో నలుపు తప్ప మరో రంగు లేదు.

అసలు ఆ కెమెరా అవసరమంతా మా అక్క పెళ్లిచూపులకు. అక్క అప్పటికే రెండు సంబంధాలు వద్దంది. మొదటాయన వచ్చిన దగ్గర్నుంచి లేచేదాకా మా బోరుబావి లోతు గురించే మాట్లాడాడు. రెండో ఆయన అసలు నోరే తెరవలేదు. మిర్చిబజ్జీ తినడానికి తెరిచాడు గానీ దాన్ని అక్క లెక్కలోకి తీసుకోలేదు. "జెర నవ్వు మొఖమన్న ఉండాలె గద బాపూ," అనేది. బాపు తల పట్టుకునేవాడు. ఈ మూడో సంబంధం తెచ్చింది స్వయానా బాపు అక్క, మా మేనత్త. దీన్ని కూడా కాదంటే మళ్లీ మా గడప తొక్కనని ముందే చెప్పింది. ఆమె అన్నంత పనీ చేసే మనిషి. అందుకని ఇంట్లో అందరూ గుమ్మానికి మామిడాకులు కట్టడం దగ్గర్నుంచి పెరట్లో నీళ్ల గోలెం కడగడం దాకా ప్రాణం పెట్టి చేస్తుంటే, ఫోటోల బాధ్యత నా మీద పడింది. నేను వేసుకున్నాను అనడం నిజానికి దగ్గరగా ఉంటుంది.

మామ బయలుదేరే రోజు దుబాయి ఎయిర్‌పోర్టు దుకాణంలోంచి ఫోన్ చేశాడు. అందరూ వినాలని నేను స్పీకర్ పెట్టాను. నా పతనం అక్కడే మొదలైంది.

"అరే అల్లుడూ, కెమెరా చేతుల వట్టుకొని నిలబడ్డ. ఒకటే కంపెనీ, ఒకటే మోడల్. నల్లదున్నది, వెండిదున్నది. ఏది తేవాలె? జల్ది చెప్పు, ఫ్లైట్ పిలుస్తున్నరు!"

నేను నోరు తెరిచేలోగా మంచం మీద పప్పు చెరుగుతున్న నాయనమ్మ చేట పక్కన పెట్టింది. "ఏందీ, వెండిదా? రెండిటికి ఒకటే ధరనా, అడుగు."

"ఒకటేనట నాయనమ్మా. కానీ..."

"ఒకటే ధరకు వెండిది ఇస్తుంటె నల్లది కొనెటోడు ఎవడ్రా? వాని దిమాగ్ ఖరాబయ్యిందా?"

"వెండి అంటే నిజం వెండి గాదే, వెండి రంగు!"

"నాకు జెప్తున్నవా వెండి గురించి? కాళ్లకు కడియాలు ఏసుకొని పొలం జేసినదాన్ని. అయినా పిల్లను చూడ్డానికి వస్తుంటె శుభమా అని ఇంట్లకు నల్లది తెస్తరా ఎవరన్న?"

ఇక లాభం లేదని నేను ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, "మామా, నల్లది! నల్లదే..." అని అరవడమూ, మా ఇంటి మీదికి విమానం రావడమూ ఒకేసారి జరిగాయి. రేకులు దడదడలాడాయి. అలవాటు ప్రకారం నేను మాట ఆపేశాను (ఆ అలవాటును తరవాత చాలాసార్లు తిట్టుకున్నాను). విమానం దాటిపోగానే నాకంటే ముందు నాయనమ్మ అందుకుంది. "వద్దు! వద్దంటె వద్దు!"

"ఆఁ ఆఁ, సమజయ్యింది!" అని మామ పెట్టేశాడు. ఆయనకేం సమజయ్యిందో మాకెవరికీ సమజు కాలేదు.

మర్నాడు మామను తీసుకురావడానికి జీపులో అందరం ఎయిర్‌పోర్టుకు వెళ్లాం. అక్కడ నేను పనిచేస్తాను గనక దారి చూపించే గౌరవం నాది. సరుకుల వైపు తప్ప ప్రయాణికుల వైపు నేనెప్పుడూ వెళ్లలేదు గనక రెండుసార్లు పార్కింగు చుట్టూ తిప్పాను. మామ బయటికి రాగానే అమ్మ ఆయన్ని పట్టుకుని ఏడ్చింది. నేను బ్యాగు పట్టుకుని ఏడ్చినంత పని చేశాను, ఎందుకంటే పెట్టె తెరిస్తే లోపల తళతళా మెరుస్తూ వెండి రంగు కెమెరా ఉంది. "నువ్వే గదరా, నల్లది వద్దంటె వద్దని మొత్తుకున్నవు?" అన్నాడు మామ. నాయనమ్మ దాన్ని అందుకుని, గోటితో గీకి, చెవి దగ్గర పెట్టుకుని మీటి, జాలిగా మామ వైపు చూసింది. "ఓ పిలగా, నిన్ను మంచిగ మోసం జేసిన్రు. ఇది వెండి గాదు, రేకు."

అంటే నాకు దక్కినది అటు నలుపూ కాదు, ఇటు వెండీ కాదు.

రెండు రోజులు నేను సరిగ్గా అన్నం తినలేదు. గురువుగారికి కెమెరా చూపించకుండా, "ఇంకా డబ్బా విప్పలేదండీ," అని తప్పించుకున్నాను. చూపుల ఆదివారం పొద్దున్నే అలవాటు కొద్దీ బూట్లు తుడుచుకుంటున్నాను. పాలిష్ డబ్బా తెరిచి ఉంది. పక్కనే కెమెరా ఉంది. దేశంలో గొప్ప గొప్ప ఆలోచనలన్నీ ఇలాగే వచ్చి ఉంటాయని నాకు అప్పుడు అనిపించింది. అద్దానికీ తెరకూ అంటకుండా కాగితం అతికించి, పాత బనీను గుడ్డతో మూడు పూతలు పూసి, ఫ్యాన్ కింద ఆరబెట్టాను. గంట తరవాత చూస్తే, అబ్బ! నల్లగా, నిగనిగలాడుతూ, పని మీద వచ్చినట్టుగా ఉంది. నాయనమ్మ మాత్రం చూసేసింది. "నిన్న తెల్లగుండె గదరా? పొద్దుగాల్లకు గిట్ల నల్లగయ్యిందేంది?"

"ఛార్జింగ్ పెట్టిన నాయనమ్మా. కరెంటు నిండితే గట్లనే నల్లగయితది."

ఆమె ముక్కు మీద వేలేసుకుంది గానీ నమ్మింది. ఆ ఇంట్లో ఇంగ్లీషు మాట కలిపి ఏం చెప్పినా నమ్మేవారు.

పన్నెండింటికి రాజేంద్రనగర్ నుంచి పెళ్లివారు వచ్చారు. అబ్బాయికి విత్తనాల దుకాణం ఉంది. బిగుసుకుపోయి కుర్చీ అంచున కూర్చున్నాడు. వాళ్లమ్మ గంజి పెట్టిన చీరంత బిర్రుగా ఉంది. వాళ్ల నాన్నది తెల్లచొక్కా, తెల్లటి గుబురు మీసం. మేనత్త మధ్యలో కూర్చుని అటొకసారి, ఇటొకసారి నవ్వుతోంది. నేను రంగంలోకి దిగాను. ఆ కెమెరాకు కంటికి ఆనించి చూసే చిన్న కిటికీ ఒకటుంది. వెనక అంత తెర ఉండగా దాంతో ఎవరికీ పనిలేదు. కానీ పని మీద వచ్చినవాడు ఒక కన్ను మూసి, రెండో కంటికి కెమెరా నొక్కిపెట్టి, మోకాళ్లు వంచి తీయాలి కదా! అలాగే తీశాను.

"పడ్డదా? ఏదీ, జెర చూపియ్యి బిడ్డా," అంది అబ్బాయి వాళ్లమ్మ, అంతవరకూ బిగించిన మూతి కాస్త సడలించి. తీసిన ఫోటో అప్పటికప్పుడు చూడగలగడం అప్పట్లో ఎంతటివారినీ కరిగించేది. ఆమె చూసి భర్తకిచ్చింది. ఆయన కొడుక్కిచ్చాడు. కొడుకు మేనత్తకు, మేనత్త బాపుకు. మళ్లీ ఫోటో, మళ్లీ ప్రయాణం. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

ఎండాకాలం, నడిపొద్దు, రేకుల ఇల్లు. ఫ్యాను ఆగగానే అందరికీ చెమటలు పట్టాయి. పాలిష్‌కు కూడా పట్టాయి. అబ్బాయి వాళ్లమ్మ చేత్తో చెంప తుడుచుకుంది. చెంప మీద కాటుక పూసినట్టు పెద్ద చార. మేనత్త ముక్కు తుడుచుకుంది, ముక్కు మాయమైంది. అబ్బాయి నుదురు తుడుచుకుంటే అడ్డంగా నామం పడింది. వాళ్ల నాన్న మీసం దువ్వుకున్నాడు, అదీ ఒకవైపే. ఆ వైపు నుంచి చూస్తే ఇరవయ్యేళ్లు తగ్గాడు. గమ్మత్తేమిటంటే, ఎవరి ముఖం వాళ్లకు కనబడదు, ఎదుటివాళ్లకు చెబితే మర్యాద కాదు. మావాళ్లు వాళ్లను చూసి మెల్లగా తల దించుకున్నారు. వాళ్లు మావాళ్లను చూసి పైకప్పు చూశారు. "వానలు... ఈసారి ఎట్లుంటయంటరు?" అని బాపు అడిగాడు. గడ్డానికి పాలిష్ అంటుకుని ఉండటం వల్ల ఆ ప్రశ్న మరీ గంభీరంగా వినిపించింది.

దానికి జవాబు వచ్చేలోగా అక్క నిమ్మకాయ షర్బత్ పళ్లెంతో వచ్చింది. తల వంచుకునే వచ్చింది, పాపం. పళ్లెం అబ్బాయి వాళ్లమ్మ ముందుకు చాచి, మర్యాదకోసం తల ఎత్తింది. గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. పక్కకు చూసింది, మీసం కనబడింది. అటు చూసింది, మేనత్త. పెదవి కొరికింది, ఊపిరి బిగబట్టింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. బాపు కళ్లతోనే వద్దు తల్లీ అని వేడుకున్నాడు. ఆ కళ్ల కింద గడ్డం చూశాక ఇక ఆమె వల్ల కాలేదు. పళ్లెం కింద పెట్టి, గోడకు ఆనుకుని, కడుపు పట్టుకుని నవ్వింది.

నేను గుమ్మం ఎంత దూరంలో ఉందో చూసుకున్నాను. అబ్బాయి అక్క వైపు చూశాడు, అక్క చూస్తున్న వైపు చూశాడు. "అమ్మా," అన్నాడు మెల్లగా, "నీ చెంపకు ఏందే అది? అయ్యో నాయినా, నీ మీసం..." అంటూ మాట పూర్తి చేయలేక కుర్చీలోంచి జారినంత పని చేశాడు. అంత బిగుసుకుపోయిన మనిషిలో అంత నవ్వు ఎక్కడ దాచుకున్నాడో తెలియదు. ఇద్దరూ ఒకరినొకరు చూపించుకుంటూ నవ్వుతున్నారు. "మీ నుదురు..." అని అక్క, "నా నుదురు గూడనా?" అని ఆయన. ఈలోగా పెద్దవాళ్లందరూ తమ చేతులు చూసుకున్నారు, ఆ తరవాత కెమెరాను, చివరికి నన్ను. నా కంటి చుట్టూ నల్లటి వలయం, ముక్కు మీద మచ్చ ఉన్నాయని నాకింకా తెలియదు.

"ఏందిరా ఇది?" అన్నాడు బాపు.

నేను తెల్లమొహం వేశాను. అదొక్కటే ఆ గదిలో తెల్లమొహం అనడానికి కూడా లేదు. అప్పటికి కెమెరా నాయనమ్మ చేతిలో ఉంది. చేతులు మారీ మారీ దాని నలుపంతా పోయి అక్కడక్కడా వెండి బయటపడింది. ఆమె దాన్ని ఎత్తి అందరికీ చూపించి, "వాన్నేమనకుండ్రి," అంది నన్ను కాపాడుతూ. "కరెంటు పోయింది గదా, ఛార్జింగ్ దిగి మళ్ల తెల్లగయితున్నది."

పెరట్లో గోలెం చుట్టూ సబ్బులతో జాతర జరిగింది. బావ (అప్పటికే నేను మనసులో బావ అనేసుకున్నాను) చెంబుతో వాళ్లమ్మకు నీళ్లు పోస్తుంటే, అక్క తువ్వాలు పట్టుకుని నిలబడి ఇంకా ముసిముసిగా నవ్వుతూనే ఉంది. వాళ్లమ్మ ముఖం రెండుసార్లు తోముకుని, తుడుచుకుని, నా వైపు తిరిగింది. "ఇటు రా పిలగా." సంబంధం చెడిపోయిందనే అనుకున్నాను. "మొఖాలు నల్లగ జేసినవు గద, ఇగ కడుక్కున్న మొఖంతోని ఒకటి తియ్యి. మా కోడలును పక్కకు నిలబెట్టు," అంది. కోడలన్న మాట విని మేనత్త సబ్బు కింద పడేసింది. బాపు మా అక్క వైపు చూశాడు. అక్క తువ్వాలు బావ చేతిలో పెట్టి, కొంగు సర్దుకుని వెళ్లి ఆమె పక్కన నిలబడింది.

ఆ రోజు నేను తీసిన ఫోటోల్లో సగం వాటిలో తలకాయలు తెగిపోయాయి, మిగతా వాటిలో కాళ్లు. పాలిష్ బొత్తాల సందుల్లో చేరి కెమెరా ఏడాది తిరక్కుండానే మొరాయించింది. కానీ ఒకే ఒక్క ఫోటో నిటారుగా, చక్కగా వచ్చింది. అది నేను తీసింది కాదు. నేను తప్ప అందరూ కడుక్కున్నాక బావ నా చేతిలోంచి కెమెరా లాక్కుని, "అందరివీ తీసినవు, నీదేది?" అంటూ నొక్కాడు. గోలెం పక్కన నేను, నా వెనక మావాళ్లూ బావవాళ్లూ. గడకర్రలా సన్నగా, ఇస్త్రీ చొక్కాలో, కంటి చుట్టూ నల్లటి సున్నాతో, ప్రపంచంలో ఇంత అన్యాయం ఎవరికీ జరగలేదన్నట్టు నిలబడి ఉన్నాను. మొన్న అక్కావాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు ఆ ఫోటో మళ్లీ చేతికొచ్చింది. చాలాసేపు చూశాను. ఇంట్లో ఇంత మంచి జరిగిపోయిందని ఆ కుర్రాడి బుర్రకు ఇంకా ఎక్కలేదు, వాడి దిగులంతా రంగు వెలిసిపోయినందుకే. ఓరి పిచ్చివాడా, ఒకసారి వెనక్కి తిరిగి చూడరా, ఎంతమంది నవ్వుతున్నారో అని చెప్పాలనిపించింది. వాడు వినడు. నాకు తెలుసు వాడి సంగతి.