టైఫాయిడును కండోన్ చేయండి

ఎమ్మిగనూరు బస్టాండుకు నాలుగడుగుల దూరంలో, ఒక చీరల కొట్టు మీది మిద్దెగదిలో నేను ఇంగ్లీషు చెప్తాను. పొద్దున పూట బ్యాంకు పరీక్షలకు చదివే డిగ్రీ పిల్లలు వస్తారు, సాయంత్రం మగ్గం గుంతలోనుంచి లేచి ఆడోళ్లు వస్తారు. నాకు కోపం జాస్తి అని ఊర్లో పేరు. ఉండనీ. ఆ కోపమే లేకుంటే నేను ఈపాటికి యాడో పత్తి చేన్లో ఉండేదాన్ని.

పోయిన వారం మాటల పట్టీలో ‘కండోన్’ వచ్చింది. ఒక పిల్ల దాని ఎదురుగా ‘క్షమించుట’ అని రాసుకొని గబగబా కింది మాటకు పోతాంది.

“ఆగు మే, యాడికి పరుగు?” అన్నాను. “బస్సులో నీ కాలు తొక్కినోడు సారీ అంటాడు. నువ్వు పోనీలే అంటావు. దానికి కండోన్ అనరు. ఇది ఆఫీసు కాగితాల మాట. తప్పు జరిగిందని తెలిసి కూడా, పెద్ద కుర్చీలో ఉన్నోళ్లు సరేలే అని చూసీచూడనట్టు పోనిస్తారు చూడు, అదీ కండోన్ చేయడమంటే. చేసేదానికంటే చేయము అని చెప్పేటప్పుడే ఎక్కువ వాడతారు. ‘ఇట్లాంటి పనుల్ని మేము కండోన్ చేయము’ అని నోటీసుల్లో ఉంటాది. ఇంకోటి గుర్తుపెట్టుకో. ఆ మాట పక్కన ఒక తప్పు ఉండి తీరాల. తప్పు లేనిచోట దానికి పనే లేదు.”

“ఒక వాక్యం చెప్పండి మేడం.”

“టైఫాయిడును కండోన్ చేయండి.”

అందరూ పకపకా నవ్వినారు. జబ్బు తప్పెట్ల అవుతాదని ఒకామె అడిగింది. అడగాల్సిన మాటే. చాక్‌పీసు కింద పెట్టి ఆ కథ చెప్పినాను.

పదేండ్ల కిందట నేను పదో తరగతి. మాది నందవరం మండలంలో ఒక చిన్న ఊరు. ఆ ఏడు వాన మొగం చాటేసింది. మా పక్క వాన పోతే జనం సుగ్గికి పోతారు. సుగ్గి అంటే ఇల్లూ వాకిలీ తాళం వేసి, పిల్లాజెల్లతో గుంటూరు పక్క పత్తి తీసేదానికి, మిరపకాయలు కోసేదానికి వలస పోవడం. దీపావళి దాటినాక ఒకరోజు పొద్దున లారీ వచ్చి ఊరిబయట నిలబడింది. ఎదిగిన ఆడపిల్లను ఒంటరిగా ఇంట్లో యాడ ఇడిసిపోతారు? నన్ను కూడా ఎక్కించినారు. పుస్తకాల సంచి బియ్యం మూట కింద పెట్టుకొని పోయినాను.

చేన్లో నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఒక సాలుకు ఒక ఇంగ్లీషు మాట. సాలు మొదట్లో మాట, అక్షరాలు, అర్థం. సాలు చివరికి పోయేలోపల అది నోటికి రావాల. రాకుంటే తిరుగు సాలులో కూడా అదే. పత్తికాయ ముల్లు గోటి సందుల్లో దిగి రక్తం వచ్చేది. నేను మాత్రం గొణుగుతానే ఉండేదాన్ని. పక్క సాలులోనుంచి మా అమ్మ, “దీనికి గాలి సోకినట్టుండాది” అని అందరితో చెప్పి నవ్వేది.

జనవరి ఆఖర్లో తిరిగొచ్చినాము. బడికి పోతే, హాజరు సాలదు, హాల్‌టికెట్ రాదు అన్నారు. ఈ ఏడు పరీక్ష తప్పితే మళ్లా ఏటికి నన్ను బడికి పంపేవాళ్లు లేరు. మా ఊర్లో పదో తరగతి తప్పిన ఆడపిల్లకు రెండే దార్లు, సుగ్గి లారీ, పెండ్లి పందిరి. ఆ పరీక్ష నాకు చావుబతుకుల సంగతి.

మా ఇంగ్లీషు సారే అప్పుడు హెడ్మాస్టరు పని కూడా చూసేవాడు. మంచోడే, కానీ పైఆఫీసు పేరు చెప్తే చెమటలు పట్టే మనిషి. ఆయప్ప ఒక అచ్చు కాగితం ఇచ్చినాడు. ఇంగ్లీషులో ఉండాది. నా హాజరు లోటును దయతో కండోన్ చేయండి, కారణం ఫలానా జబ్బు, అని. జబ్బు దగ్గర గీత గీసి ఖాళీ వదిలినారు.

“డాక్టరు చీటీ తెచ్చి అతికించు. సుగ్గి అని రాస్తే చెల్లదు, జబ్బయితేనే చెల్లుతాది. ఏటా అందరూ చేసేదే” అన్నాడు సారు.

నిజమే, అది మా ఊర్లో ఆనవాయితీ. సుగ్గినుంచి వచ్చిన పిల్లలు వరసగా సూది డాక్టరు ఇంటికి పోవడం, చీటీ రాయించుకోవడం. అమ్మ నన్ను తోడుకొని పోయింది.

“ఏం రాయమంటావక్కా?” అన్నాడు ఆయన.

“మంచి రోగం సూసి రాయప్పా. పిల్లకు పెండ్లి కావాల్సి ఉండాది” అంది మా అమ్మ.

ఆయప్ప కాసేపు ఆలోచించి టైఫాయిడ్ అని రాసినాడు. ఆ రోజు మా ఊరినుంచి పోయిన పదకొండు మందికీ అదే మంచి రోగం అనిపించినట్టుంది. ఒకటే పెన్ను, ఒకటే రోగం, ఒకటే తేదీలు. ఆ పదకొండు కాగితాలూ కట్టగట్టి సారు ఆదోనిలోని విద్యాశాఖ ఆఫీసుకు పంపించినాడు.

వారం తిరక్కుండానే ఊర్లోకి జీపు వచ్చింది. పోలీసులు కాదు, ఆరోగ్యమోళ్లు! ఆదోని ఆఫీసోళ్లు చెప్తే, ఒకే ఊర్లో పదకొండు మంది పిల్లలకు టైఫాయిడంటే నీళ్లలోనే ఏదో ఉండాదని పరిగెత్తుకొచ్చినారు పాపం. ట్యాంకు చుట్టూ బ్లీచింగు పౌడరు చల్లినారు. సీసాలలో నీళ్లు పట్టుకున్నారు. ఇంటింటికీ తిరిగి, టైఫాయిడ్ పిల్లలెవరని అడగబట్టినారు. మా ఎదురింటామె కూతుర్ని దుప్పటి కప్పి పండబెట్టి, “మూలుగు మే, మూలుగు” అంటాంది. నేను నెత్తిన ఒక బిందె, సంకలో ఒక బిందె పెట్టుకొని బోరింగు కాడనుంచి వస్తాండాను. నర్సమ్మ అడిగితే మా అమ్మ గర్వంగా, “ఇదే మేడం, మా పాపకే వచ్చింది. రెండు నెలలు లేయలేదు” అని నన్ను చూపించింది. నర్సమ్మ నన్ను చూసింది, బిందెలను చూసింది, మళ్లా నన్ను చూసింది. రక్తం తీసుకొని పోయింది.

ఇంకేముంది! దొంగకు తేలు కుట్టినట్టయింది ఊరంతా. రక్తంలో టైఫాయిడ్ జాడే లేదని తేలి మూడో రోజుకు కాగితాలు వెనక్కొచ్చినాయి. పదకొండింటి మీదా ఎర్ర ఇంకుతో గీతలు. సోమవారం లోపల సరైన కారణం చూపించకుంటే ఒక్కరికీ హాల్‌టికెట్ ఇచ్చేది లేదని రాసినారు. సారు తల పట్టుకున్నాడు. “ఈసారి తలా ఒక రోగం రాయిస్తే సరిపాయె” అన్నాడు.

నేను ఆయన బల్ల మీది లావు డిక్షనరీ అడిగి తీసుకున్నాను. సాలుకొక మాట నేర్చినదాన్ని, నా బతుకు ఏ మాట మీద నిలబడిందో దాని అర్థం మాత్రం చూడలేదే అనిపించింది. చూసినాను. తప్పును తప్పని తెలిసీ పోనిచ్చుట. చదివేకొద్దీ ఒళ్లు మండింది. ఏం తప్పు? జబ్బు పడడం తప్పా? పోనీ, పత్తి తీయడం తప్పా? మేము తీసిన పత్తితోనే కదప్పా ఈ లోకం గుడ్డ కట్టుకునేది? మేము చేసిన తప్పు ఒకటే, టైఫాయిడ్ అని అబద్ధం చెప్పడం. దానికి మన్నించమని అడుగుతాను. పత్తికి అడగను. అడగనంటే అడగను!

ఆ రోజే బడి వరండాలో కూర్చొని నా చేతులతో నేనే అర్జీ రాసినాను. ఇంగ్లీషులో నాలుగే వాక్యాలు. నాకు టైఫాయిడ్ రాలేదు. మా అమ్మానాయనలతో పత్తి తీసేదానికి పోయినాను, అది తప్పు కాదు. టైఫాయిడ్ అని చెప్పడం తప్పు, దయచేసి ఆ టైఫాయిడును కండోన్ చేయండి. పత్తికి మాత్రం కండోన్ వద్దు, పరీక్ష ఇవ్వండి చాలు.

సారు చదివి, “నీకేమైనా పిచ్చా? ఇది చూస్తే నీ పేరే కొట్టేస్తారు. అబద్ధమని రాసిచ్చినాక ఇంగ నేను కూడా ఏం చేయలేను” అన్నాడు. చేయొద్దులే సారూ అన్నాను. పట్టిన కుందేలుకు మూడే కాళ్లు నాకు, ఇప్పటికీ అంతే.

సోమవారం పొద్దున అమ్మా నేనూ ఆదోని బస్సెక్కినాము. అమ్మ దోవ పొడుగునా ఉరుకుంద ఈరన్నకు టెంకాయలు మొక్కుతానే ఉండాది. ఆఫీసులో మేడం ఒకామె, కళ్లద్దాలు, ఎదురుగా ఫైళ్లు. నా అర్జీ రెండుసార్లు చదివింది. రెండోసారి మూతి కొంచెం వంకర పోయింది. నవ్వో కోపమో తెలియలేదు.

“ఎవరు రాసిచ్చినారు?”

“నేనే మేడం.”

“పత్తి తప్పు కాదంటావు. మరి రూల్లో పత్తికి చోటు లేదే. జబ్బుకుంటాది, ఇంట్లో చావుకుంటాది. తప్పే లేదని నువ్వే రాస్తే నేను దేన్ని కండోన్ చేయాల?”

ఆ మాట పక్కన తప్పు ఉండి తీరాలని నాకూ తెలుసు. నేనే నా చేతులారా దాన్ని కొట్టేసినాను. కళ్లలో నీళ్లు తిరిగినాయి. ఏడిస్తే సచ్చినట్టేనని పండ్లు బిగబట్టి నిలబడినాను.

అప్పుడు మా అమ్మ ముందుకొచ్చింది. బల్ల మీద రెండు చేతులూ ఆనించి తల వంచింది.

“నాకు ఇంగ్లీసు రాదు మేడం. తప్పు ఉండాల్సిందే అంటే నాది రాసుకో. లారీ ఎక్కించింది నేను. సూది డాక్టరు కాడికి తోడుకపోయింది నేను. మంచి రోగం రాయమన్నది నేనే. తప్పు నాది, పరీక్ష దాంది. నన్ను మన్నించు, దానికి చీటీ ఇయ్యి.”

మేడం పెన్ను తీసి నా అర్జీ కిందనే ‘పరీక్షకు అనుమతించండి’ అని రాసి సంతకం పెట్టింది. “మిగతా పదిమందిని కూడా నిజం రాసి పంపమను. రేపు సాయంత్రం లోపల” అంది.

బయటికొచ్చినాక అమ్మ బొరుగుల ఉగ్గాని తిందామంది. నాకు సంతోషం కంటే కోపమే ఎక్కువ ఉండాది.

“ఏం తప్పు చేసినావని తల వంచినావు మా? తప్పు లేదని నేను అంత రాస్తి కదా!”

“వంగింది నా తలకాయ కదమ్మే. నీకేం పోయె?” అని ఉగ్గాని పొట్లం నా చేతిలో పెట్టింది. ఆ పొట్లం చేతిలో పట్టుకొని ఆదోని బస్టాండులో అందరూ చూస్తాండగా బోరుమని ఏడ్చినాను.

ఆ సాయంత్రమే ఇల్లిల్లూ తిరిగినాను. ఎనిమిది మంది అర్జీ రాసినారు, నేను పక్కన కూర్చొని రాయించినాను. ఇద్దరు రాయలేదు. ఎదురింటామె తలుపు కూడా తీయలేదు. “నిజం రాసిస్తే పోలీసులొస్తారు, నీ మాట ఇని నా బిడ్డను జైలుకు పంపాల్నా?” అని లోపలినుంచే తిట్టింది. దుప్పటి కింద మూలిగిన ఆ పిల్ల పరీక్ష రాయలేదు. నేను ఇంకొంచెం గట్టిగా తలుపు కొట్టి ఉండాల్సింది. అది నన్ను ఈనాటికీ పొడుస్తాంది.

అందుకే ఈ మిద్దెగది. ఐదేండ్లుగా సుగ్గి లారీ వచ్చే కాలానికి నేను మా పక్క ఊర్లన్నీ తిరుగుతాను. మీరు పోండి, పదో తరగతి పిల్లను మాత్రం నా కాడ ఇడిసిపోండి అని అడుగుతాను. కొందరు తిడతారు. తిట్టనీ, మళ్లా పోతాను. తలుపు తీసేదాకా కొడతాను. గదిలో చాపలు పరుస్తాము. మా అమ్మ ఇంగ సుగ్గికి పోదు, ఈ పిల్లలకు రొట్టెలు కాలుస్తాది. పగలు బడికి తోలుతాము, సాయంత్రం ఆడోళ్ల క్లాసు అయినాక నేను చదివిస్తాను. ఈ ఏడు తొమ్మిది మంది.

పోయిన నెల ఆ ఎదురింటి పిల్లే వచ్చింది, ఒక చేతిలో ట్రంకుపెట్టె, ఇంకో చేతిలో తన చెల్లెలి చెయ్యి. కింద రోడ్డు మీద లారీ ఆగి ఉండాది. “మేయ్, తొందరగా రా” అని మొగుడు అరుస్తాండాడు. ఆ పిల్ల “దీన్ని ఒక్కరోజు కూడా మాననీకక్కా” అని చెల్లెలి చెయ్యి నా చేతిలో పెట్టి దిగిపోయింది.

నేను ఒక హాజరు పుస్తకం పెట్టినాను. బడినుంచి రాగానే పిల్లలు ఎవరి గడిలో వాళ్లు సంతకం పెడతారు. మా అమ్మకు చదువు రాదు. అయినా రోజూ రొట్టెల పిండి చేతులు కొంగుకు తుడుచుకొని వచ్చి, ఆ పేర్ల మీద వేలు పెట్టి పైనుంచి కిందికి గడి గడీ చూస్తాది. ఎదురింటి చెల్లెలి గడి కాడ కొంచెం ఆగుతాది.

“అన్నీ నిండినాయా మే?” అంటాది.

“నిండినాయి మా.”

“అయితే ఇంగ ఎవర్నీ మన్నించమని అడిగే పనిలేదు” అని పొయ్యి కాడికి పోతాది.