ఎండకు పెట్టిన కచేరీ

మా బాపు జీవితంలో చూసిన రాక్ కచేరీ ఒక్కటే. అదీ విదేశీ బ్యాండ్ కాదు, విదేశీ బ్యాండ్ల పాత పాటలు పాడుకునే హైదరాబాద్ కుర్రాళ్లది. అయినా బాపు చెప్తుంటే, కరెంటును ఆ సాయంత్రం కోసమే కనిపెట్టారేమో అనిపించేది.

తోడు వెళ్లింది బోధన్ చాచా. ఇద్దరూ బోధన్‌లో కలిసి చదువుకున్నారు. తర్వాత బాపు వేల్పూర్‌లో పసుపు పండించాడు, చాచా బోధన్‌లో గడియారాలు బాగుచేశారు. ఆ రోజు చాచా టేప్ రికార్డర్‌ను శాలువాలో చుట్టి లోపలికి తీసుకెళ్లి కచేరీ మొత్తం క్యాసెట్‌కెక్కించారు. అందులో గిటార్ తక్కువ, చాచా ఎక్కువ. పాట ఆగినప్పుడల్లా ఆయన కేకే: "అన్నా, ఇంకోటి కొట్టుండ్రి! ఆఖరి బస్ పోతే పోనియ్యి!" బస్సు నిజంగానే పోయింది.

ఏటా పసుపు పని ముగిశాక చాచా మా ఇంటికి వచ్చేవారు. ఇద్దరూ వరండాలో ఆ క్యాసెట్ పెట్టుకునేవారు. నేను మెల్లగా జారుకునేవాణ్ణి.

"జర కూసో బేటా, ఇగ నా పాట వస్తది."

"గది పాట కాదు చాచా, కండక్టర్‌తోని పంచాయితీ."

అందరికంటే గట్టిగా ఆయనే నవ్వేవారు. నేను ఒక్కసారి కూడా చివరిదాకా కూర్చోలేదు.

నిరుడు చాచా పోయారు. ఈ ఏప్రిల్‌లో బాపు ఆ క్యాసెట్ నా చేతిలో పెట్టాడు. "ఫోన్ల ఎక్కియ్యిరా. వాని గొంతు గిండ్లనే ఉన్నది."

చూస్తే టేపు మీద తెల్లగా బూజు. మా ఇంట్లో బూజుకు ఒకటే వైద్యం, ఎండ. పసుపు కొమ్ములకు తేమ తగిలినా, పప్పుకు పురుగు పట్టినా, పరుపు వాసన కొట్టినా మేడ మీదికే. నా డిగ్రీ ఈ వైద్యంలో మార్పేమీ తేలేదు. ఉడకబెట్టి ఆరబోసిన పసుపు పక్కనే క్యాసెట్‌ను శ్రద్ధగా పెట్టాను. మధ్యాహ్నం తిరగేశాను కూడా. రెండో వైపు ఆరాలి కదా.

సాయంత్రానికి అది అప్పడంలా వంగింది. బలవంతంగా టేప్ రికార్డర్‌లో దూర్చితే ఒక మూలుగు వినిపించి, టేపు చుట్టుకుపోయి తెగింది.

"ఎండకు పెట్టినవా?" అన్నాడు బాపు.

"బూజు ఉండె బాపూ."

"నేనైనా గదే చేద్దును," అన్నాడు.

తిట్టి ఉంటే ఏదో ఒక జోకు వేసి బయటపడేవాణ్ణి. ఆ వెసులుబాటు ఇవ్వలేదు.

చిక్కుపడ్డ టేపును వేళ్లతో విడదీస్తూ, "రెండో పాట అయితది. గప్పుడు వాడు లేస్తడు," అని గొంతు సవరించుకున్నాడు. "అన్నా, ఇంకోటి కొట్టుండ్రి!" అచ్చం చాచానే. అదే బొంగురు, అదే తొందర.

నేను గబగబా ఫోన్ తీసి రికార్డు నొక్కాను. "మల్లొకసారి అను బాపూ."

"అన్నా, ఇంకోటి..." అంటూ బాపు సగంలో ఆగి, తెగిన టేపు కొసను చూస్తుండిపోయాడు. ఆ నిశ్శబ్దాన్ని నేను ఓర్చుకోలేకపోయాను. అలవాటు.

"ఆఖరి బస్ పోయింది తియ్యి బాపూ," అన్నాను.

బాపు టేపును క్యాసెట్ మీద చుట్టి, లేచి లోపలికి వెళ్లాడు. మళ్లీ ఎప్పుడు అడిగినా ఆ మాట అనలేదు.

ఆ రికార్డింగ్ నా ఫోన్‌లో ఉంది. అందులో చాచా లేరు. బాపు సగమే ఉన్నాడు. నా జోకు మాత్రం మొత్తం వినిపిస్తుంది.