రీలు నిండేదాకా

మొన్న మా మనవరాలు తిరుపతిలో కెమెరాల దుకాణానికి పోయి, చీమల్నీ సాలీళ్లనీ దగ్గరగా ఫోటోలు తీయడానికి ఏం కావాలని అడిగితే, వాళ్లు చాంతాడంత జాబితా రాసిచ్చారు. మాక్రో లెన్సు, దాని మూతి చుట్టూ వెలిగే రింగు లైటు, స్టాండు, ఇంకా ఏవేవో. ఇవి లేకుండా మొదలుపెట్టడం దండగని కూడా చెప్పి పంపారట. అవన్నీ కొన్నాకే తీస్తానవ్వా అని అది తన దగ్గరున్న కెమెరాను బీరువాలో పెట్టేస్తుంటే నాకు ఒళ్లు మండింది. కొత్తగా నేర్చుకునే పిల్లకు చెప్పవలసిన మొదటి మాట అదేనా?

రీలు కెమెరా పట్టిన నా ఈడు వాళ్లకు ఈ కోపం అర్థమవుతుంది. పెళ్లికి ముందు నేను చిత్తూరులో మా మేనమామ స్టూడియోలో పనిచేసేదాన్ని. ఐరాల దగ్గర నాయనకు మామిడితోట ఉండేది. ఆ ఏడు పూత విరగబూసింది, దాంతోపాటే ఆకుల మీద జిగటగా తేనెమంచూ పట్టింది. పేరులోనే మంచు ఉంది కదా, అది ఆకాశం నుంచి కురుస్తుందని, పూత మీద ముసిరే చిన్న పురుగులు ఆ తీపికి వచ్చాయని మావాళ్ల నమ్మకం. ఎండ కాస్తే అదే పోతుందని నాయన మందు కొట్టకుండా కాచుకున్నాడు. పురుగే దాన్ని కారుస్తోందేమోనని నేనంటే, “పురుగు తేనె కారస్తాదని యాడన్నా ఉండాదా పాపా? నువ్వు సూసినావా?” అన్నాడు. చూపించాలంటే ఫోటో తీయాలి.

మాక్రో లెన్సు అనే మాటే మేం వినలేదు. మామూలు లెన్సును విప్పి, వెనకది ముందుకు తిప్పి కెమెరాకు ఆనిస్తే సూదిమొన కూడా చీపురుపుల్లంత కనిపిస్తుందని మామ ఒకసారి చూపించాడు. అలాగే తిప్పి, వెలుతురు దూరకుండా నల్లటేపు చుట్టాను. అప్పుడిక బొమ్మ స్పష్టంగా రావడానికి లెన్సు మీది రింగు తిప్పి లాభం లేదు, ఊపిరి బిగబట్టి మనమే ముందుకూ వెనక్కూ ఒరగాలి. నగలకు ఎదురుగా ఫ్లాష్ కొడితే తెల్లమచ్చ తప్ప రాయి కనిపించదని స్టూడియోలో నేర్చుకున్నాను కాబట్టి, తేనెబొట్టుకూ అంతేననుకుని ఫ్లాష్ తీసుకుపోలేదు. పొద్దుటి ఎండకు అడ్డంగా నాయన చేత తెల్లపంచె పట్టించి, కింద అమ్మ స్టీలు పళ్లెం పెట్టి, ఆ మెత్తని వెలుతురులో ఐదారు ఫోటోలు తీశాను. గొణుగుతూనే అయినా నాయన పంచె కదలనివ్వలేదు.

అసలు నా కడుపుమంట ఇక్కడుంది. చిత్తూరు చేరగానే రీలును మందునీళ్లలో కడిగి ప్రింట్లు తీద్దామంటే మామ ఒప్పుకోలేదు. “ఇంగా సగం రీలు ఉండాది. నిండినాక కడుగుదాం, యాడికి పోతాది?” అన్నాడు. సగం రీలు కడగడం ఆ స్టూడియోలో పాపం కింద లెక్క. అది పుష్యమాసం, పెళ్లిళ్లు లేవు. రోజుకొకరు పాస్‌పోర్టు ఫోటోకు వస్తే మహాభాగ్యం. తోటంతా ఒక పక్క, పైసల ఫిల్ము ఒక పక్క పెట్టి తూచిన మనిషిని నేను నిలదీయలేదు. మామ ఎదుట నోరెత్తడం మాకు అలవాటు లేదు.

రెండు వారాలు దాటాక ప్రింటు చేతికొచ్చింది. పూతకాడ మీద పురుగు, దాని తోక చివర అప్పుడే ఊరిన తేనెబొట్టు, అద్దంలా స్పష్టంగా. పరుగున బస్సెక్కి తోటకు పోతే తేనెమంచు మీద నల్లబూజు పట్టి పూత మసిబారి, ముట్టుకుంటే రాలిపోతోంది. నాయన ఫోటోను ఎండలోకి పట్టుకుపోయి చాలాసేపు చూశాడు. “ఇది ఎప్పుడు తీసింది పాపా?” అని అడిగాడు. ఏ రోజో చెప్పాను. ఆ ఏడు ఊరగాయకు కూడా కాయలు దిగలేదు.

ఇప్పుడు నొక్కిన క్షణమే బొమ్మ కళ్లముందుంటుంది. ఆనాడు అలా ఉండుంటే, నాయన పంచె దులిపి కట్టుకునేలోపే చూసి, ఆ సాయంత్రమే మందు కొట్టేవాడు. కాలం ఇంత మారినా, అది అవనీ, ఇది రానీ, తర్వాత చూద్దాం అని ఆపేవాళ్లు మాత్రం మారలేదు. వాళ్ల మీదకన్నా, ఆ రోజు తలూపి ఊరుకున్న నా మీదే నాకు కోపం ఎక్కువ. ఆ రీలు నిండాలని, స్టూడియోకు వచ్చి కూర్చున్నవాళ్లందరినీ నవ్వమని చెప్పి తీసింది కూడా నేనే.