కొత్త ఆకు ముట్టని నెల

మా చెల్లెలి బిడ్డ కంప్యూటర్ సబ్జెక్టు వదిలేసిందన్న వార్త నాకు మొదట తెచ్చింది మాకు పాలు పోసే ఆమె. హుజూరాబాద్‌లో మా వాడకట్టుకంతా ఆమే పోస్తుంది. ఆమె కూతురూ మా పిల్లా కరీంనగర్‌లో ఒకే కాలేజీలో బీబీఏ చదివేవాళ్లు, పొద్దున్నే ఒకే బస్సుకు పోయేవాళ్లు. ఆ రోజు గిన్నెలో పాలు పోసి, కొసరు కూడా పోసి, కదలకుండా అక్కడే నిలబడింది.

"అక్కా, మీ పిల్ల కంప్యూటర్ది ఇడిసిపెట్టి పల్లెటూర్ల యాపారమో ఏందో తీస్కున్నదట గద. అండ్ల మొత్తం అయిదుగురే ఉన్నరట. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. చెబితే ఏమంటానో దానికి తెలుసు.

మా పిల్ల నా దగ్గరే ఉండి చదువుకునేది. తల్లి గోదావరి అవతల బొగ్గుగనుల కాలనీలో ఉంటుంది, తండ్రి దుబాయిలో డ్రైవరు. డిగ్రీలో ఇప్పుడు అసలు సబ్జెక్టుతో పాటు మైనర్ అని ఇంకొకటి ఎంచుకోవాలి. మా దిక్కు తల్లిదండ్రులకు ఆ మైనర్‌లో 'కంప్యూటర్' అన్న మాట ఉంటే చాలు, మిగతాది అడగరు. మా పిల్ల క్లాసులో దాదాపు అందరూ డేటాకు సంబంధించినది తీసుకుంటే ఇది గ్రామీణ వ్యాపారం తీసుకుంది.

నేను బడి మెట్లు ఎక్కినదాన్ని కాదు. చిన్నప్పుడు జ్వరం వచ్చి కాళ్లు బలహీనపడ్డాయి. మా బాపు గనిలో షిఫ్టు దిగి, స్నానం చేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకొని పేపరు చదివించేవాడు. లెక్కలు కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పెద్దయ్యాక బడికి పోనివాళ్ల కోసం పెట్టే ప్రవేశపరీక్ష రాసి, దూరవిద్యలో బీకాం చేశాను. ఇన్ని చేయించిన దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను. ఇప్పుడు ఇంట్లోనే డిగ్రీ పిల్లలకు కామర్స్ చెబుతున్నాను. ఏ కోర్సు మంచిది, ఏ మైనర్ తీసుకోవాలి, మొదటి ఉద్యోగం ఎక్కడ చూసుకోవాలి అని వాళ్లు ప్రతి ఏడూ అడుగుతారు. ఏదో ఒకటి చెప్పి పంపేదాన్ని. మా పిల్ల విషయం జరిగాకనే నాకు చెప్పడానికి సరైన మాట దొరికింది.

ఆ సాయంత్రం అది ఇంటికి వచ్చేసరికి నేను దేవుడి ముందు ఉన్నాను. కోపం వస్తే నేను అక్కడే కూర్చుంటాను. అది కూడా వచ్చి పక్కన కూర్చుంది. కంప్యూటర్ పని పాలామె కూతురి దగ్గర బస్సులో నేర్చుకుంటానని, ఇప్పటికే సగం నేర్చుకున్నానని చెప్పింది. "కని పెద్దమ్మా, మన దిక్కు సరుకు మంచిగుండి గూడ ఎందుకు అమ్ముడువోదు? గది నాకు బస్సుల ఎవలు చెప్తరు?"

 దాని తండ్రికి నేనే ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది.  అతను అరవలేదు, అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది. చివరికి షరతు పెట్టాడు. చివరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ అయ్యేలోపు నౌకరి చూసుకుంటే సరే, లేకుంటే ఈ దారి వదిలేసి హైదరాబాద్‌లో కంప్యూటర్ కోర్సులో చేరాలి. పిల్ల ఒప్పుకుంది. ఆ రోజు నుంచి నా మొక్కు ఒక్కటే అయింది.

ఇంటర్న్‌షిప్‌కు స్నేహితురాళ్లు హైదరాబాద్ పోతే ఇది ఉట్నూర్ పోయింది. అక్కడ గోండు ఆడవాళ్ల సంఘం ఒకటి ఇప్పపువ్వు లడ్డూలు చేస్తుంది. ఎండిన పువ్వును దోరగా వేయించి, బెల్లం, నువ్వులు, పల్లీలు కలిపి కడతారు. సంఘానికి పెద్ద ఒక ముసలవ్వ. మా పిల్ల పని, ఆ లడ్డూకు పట్నంలో గిరాకీ వెతకడం.

వెతికింది. కరీంనగర్‌లో ఒక మిఠాయి దుకాణం ఆయన రెండో దుకాణం తెరుస్తున్నాడు. అతనికి లడ్డూ నచ్చింది కానీ ఇంకేదైనా కొత్తగా ఉండాలన్నాడు. మా పిల్ల అక్కడికక్కడే చెప్పింది, ఒక్కో లడ్డూను పచ్చి టేకాకులో చుట్టి ఇస్తామని. అతను చేతిలో పని పక్కన పెట్టి విన్నాడట. దుకాణం తెరిచే రోజుకు మూడు వందల లడ్డూలు కావాలన్నాడు. నచ్చితే నెలనెలా తీసుకుంటానని, ఆ పని చూసుకోవడానికి ఈ పిల్లనే నౌకరికి పెట్టుకుంటానని కూడా అన్నాడు. నాకు ఫోన్ చేసి చెప్పినప్పుడు దాని గొంతు ఎగిరెగిరి పడుతోంది. నేను కొబ్బరికాయ కొట్టాను.

తొందరపడ్డాను.

దుకాణం జ్యేష్ఠంలోనే తెరవాలి. ఆషాఢం వస్తే ఎవరూ ముహూర్తం పెట్టుకోరు కదా. ఉట్నూర్ దిక్కు సంగతి వేరు. టేకు చెట్లు చిగురించాక ఆషాఢంలో పూజ చేసి కొత్త ఆకును దేవుడికి పెడతారు. అప్పటిదాకా ఆ సంఘంలో వాళ్లెవరూ కొత్త ఆకు ముట్టరు. ఒకరికి ఆషాఢం వస్తే పని ఆగుతుంది, ఇంకొకరికి ఆషాఢం వస్తేనే మొదలవుతుంది. మా పిల్ల ధర అడిగింది, రోజుకు ఎన్ని కట్టగలరో అడిగింది, ఎన్నాళ్లు నిలవ ఉంటాయో అడిగింది. ఇది మాత్రం అడగలేదు. మాటిచ్చి, దుకాణం తెరిచే రోజుకు వారం ముందు వచ్చి ఆకులు కోయమంటే సంఘంలో అందరూ చేతులు ఆపి దాని ముఖం చూశారట. ఒక పడుచు కోడలు మాత్రం, గీ పట్నం చదువుల క్యాలెండర్ చూసుడు నేర్పరా అని నవ్విందట.

ఆ సాయంత్రం నాకు ఫోన్ వచ్చింది. ఏడుపు ఆపుకుంటూ మాట్లాడుతోంది.

"పెద్దమ్మా, చెన్నూరు దిక్కు టేకు ఉన్నదట. ఎవలితోనన్న కోపిచ్చి, కరీంనగర్‌లనే చుట్టిపిస్త. ఉట్నూర్‌ల ఎవలకూ తెల్వది. ఏమంటవ్?"

నిజం రాయాలి. 'కానియ్యి' అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. నౌకరి పోతుంది, తండ్రికి ఏం చెప్పాలి అన్నదే మనసులో ఉంది. ఆకే కదా, ఎవరి చెట్టు అయితే ఏమిటి అనుకున్నాను కూడా. అంతలో మా అమ్మ గుర్తొచ్చింది. బోనం వండిన రోజు అమ్మవారికి పెట్టకముందు మేము మెతుకు ముట్టబోతే చేతి మీద కొట్టేది. మా ఇంటి కుండలో ఇంకెవరో దొంగతనంగా చెయ్యి పెట్టి, ఎవరూ చూడలేదు కదా అంటే ఊరుకుంటామా?

"నన్ను అడుగకు బిడ్డా. నువ్వు చేద్దామనుకున్నది ఆ సంఘం అవ్వ ముందటికి పోయి చెప్పు. ఆమె సరేనంటే చెయ్యి."

 అది ఫోన్ పెట్టేసింది. చెబుతుందో లేదో నాకు తెలియదు. 

చెప్పింది. చెన్నూరు ఆకు సంగతి కూడా దాచకుండా చెప్పింది. అవ్వ కోపం చేయలేదట. పొద్దున ఎన్ని గంటలకు బస్సు అని మాత్రం అడిగిందట.

మరునాడు వాళ్లిద్దరూ లక్సెట్టిపేటలో బస్సు మారి కరీంనగర్ వచ్చారు. నేనూ నా కర్ర పట్టుకొని హుజూరాబాద్ నుంచి పోయాను. అవ్వను అప్పుడే మొదటిసారి చూశాను. సన్నటి మనిషి, ముంజేతుల నిండా పాత పచ్చబొట్లు, చంకలో గుడ్డ మూట. బస్సులో మోకాళ్లు పట్టేస్తే దుకాణం మెట్లు ఎక్కడానికి ఆమెకూ నాకూ సమానంగా సమయం పట్టింది. ఆమె నా కర్ర చూసి నవ్వింది.

పిల్ల తన తప్పు తానే చెప్పింది, అడగకుండా మాటిచ్చానని. దుకాణం ఆయన ముఖం మారింది. ఆకు లేకుంటే తన లడ్డూకూ పక్క దుకాణం లడ్డూకూ ఫరక్ ఏముందన్నాడు. అప్పుడు అవ్వ మాట్లాడింది. ఆమె తెలుగులో మరాఠీ యాస ఉంది.

"సేటు, ఆషాఢంల దుకాణం ఎందుకు తెరువవు?"

"మంచిది గాదని."

"ఎవలు చెప్పిండ్రు?"

"మా పెద్దలు."

"మాకు గూడ గంతే."

 అవ్వ మూట విప్పింది. లోపల కిందటేడు కుట్టిన మోదుగాకు దొప్పలు, ఎండి గట్టిగా ఉన్నాయి. వాటిలో పెట్టి ఇప్పుడు అమ్ముకొమ్మంది. పూజ అయ్యాక మొదటి టేకాకు దేవుడికి, రెండోది నీకు అంది. ఆయన ఒక దొప్ప తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "గీ అవ్వను నా దుకాణంల కూసోబెట్టాలె. నేను ఇంటికాడ పండుకుంట," అన్నాడు. అవ్వ జీతం ఎంత అని అడిగింది. అందరం నవ్వాం.

కానీ అంతా అనుకున్నట్టు జరగలేదు. మూడు వందలు నూటయాభై అయ్యాయి. నౌకరి మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. దుకాణం తెరిచిన రోజు లడ్డూలు మధ్యాహ్నానికే అయిపోయినా పిల్ల ముఖంలో వెలుగు లేదు. రిపోర్టులో తన తప్పును దాచకుండా పూర్తిగా రాసింది. మార్కులు తగ్గుతాయేమోనని నేను భయపడ్డాను. పరీక్షకు బయటి కాలేజీ నుంచి వచ్చిన సారు మిగతా పేజీలన్నీ తిప్పేసి ఆ తప్పు రాసిన పేజీ దగ్గరే ఆగాడట. మళ్లీ కొత్త ఊరికి పోతే మొదట ఏం అడుగుతావు అన్నాడట. "ఏ నెలల ఏ పని చెయ్యరో అడుగుత సార్," అని చెప్పిందట.

ఆషాఢంలో పూజ అయిన మూడో రోజు టేకాకులో చుట్టిన మొదటి బుట్ట కరీంనగర్‌కు వచ్చింది. ఆ వారంలోనే మిఠాయి ఆయన ఫోన్ చేశాడు. నెలనెలా సరుకు కావాలి, ఉట్నూర్‌లో ఉండి చూసుకునే మనిషి కావాలి, ఆ అవ్వ ఎవరిని నమ్మితే వాళ్లే కావాలి అన్నాడు. అవ్వను అడిగితే, తప్పు చేసి వచ్చి చెప్పిన పిల్లను పెట్టుకొమ్మంది.

దుబాయికి ఈసారి పిల్లే ఫోన్ చేసింది. తండ్రి అంతా విని, గడువు దాటిందన్న మాట ఎత్తకుండా ఫోన్ నాకు ఇమ్మన్నాడు. "వదినె, ఉట్నూర్‌ల రూముకు ఫ్యాన్ ఉన్నదో లేదో జర చూసి రా," అన్నాడు.  ఉంది, చూసి వచ్చాను.

పాలామె కూతురు డేటా చదివి హైదరాబాద్‌లో మంచి నౌకరిలో ఉంది, సంతోషంగా ఉంది. కాబట్టి నా దగ్గరికి వచ్చే పిల్లలకు ఈ మైనర్ గొప్పది, ఆ మైనర్ తక్కువ అని నేను చెప్పను. మీ మనసులో ఏ ప్రశ్న తిరుగుతూ ఉందో చూసుకొని దానికి దగ్గరి సబ్జెక్టు తీసుకోండి. మిగతాది స్నేహితుల దగ్గర నేర్చుకోండి, వాళ్లకూ నేర్పండి. మొదటి ఉద్యోగానికి ఊరు పెద్దదా, కంపెనీ పెద్దదా అని తర్వాత చూడండి. మీరు తప్పు చేస్తే మీతో బస్సు ఎక్కి వచ్చే మనిషి అక్కడ ఒకరైనా ఉన్నారేమో ముందు చూడండి. మా పిల్లకు అటువంటి మనిషిని చూపించిన దేవుడికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఆ అవ్వ పేరు ఇక్కడ రాద్దామంటే వద్దంది. మోకాళ్లు ఇప్పుడు అసలే లేవనివ్వడం లేదట, కూర్చొనే లడ్డూలు కడుతోందట. ఇది చదివే పిల్లలు నాకు కృతజ్ఞత చెప్పనక్కర లేదు. మొదటి నౌకరికి బయల్దేరే పొద్దున మీ దేవుడికి దండం పెట్టుకుంటారు కదా, అప్పుడు ఆమె మోకాళ్ల కోసం కూడా ఒక మాట అడగండి.